ఫ్యూచర్స్ ట్రేడింగ్‌లో క్రమశిక్షణ: ఒక గుంటూరు గుమస్తా పద్ధతి

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. పగలంతా టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా చీటీలు, తక్‌పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు). సాయంత్రం బ్రాడీపేటలో ఇంటికొచ్చి స్నానం చేసి, ఎంసీఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజిలో క్రూడ్ ఆయిల్ (ముడి చమురు) మినీ ఫ్యూచర్స్ ట్రేడ్ చేస్తాను. ఫ్యూచర్స్ అంటే రాబోయే తేదీకి ఇవాళే ధర కుదుర్చుకునే కాంట్రాక్టు. ఒకటే సరుకు, ఒకటే లాట్ (ఒక కాంట్రాక్టు). ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మేస్తాను. యార్డులో కుర్రాళ్ళు చాలామంది ఇదే పని ఫోన్లలో చేస్తున్నారు. నన్ను చూడగానే "అన్నా, ఇవాళ క్రూడ్ పైకా, కిందకా?" అంటారు. అది నాకు తెలియదు. తెలియకపోయినా ఈ పని ఏళ్ళ తరబడి చేసుకోవాలంటే ఏమేం ఏర్పాట్లు కావాలో మాత్రం తెలుసు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఆ లెక్క షేర్ మార్కెట్‌ది, క్రూడ్‌ది కాదు. కానీ కూర్చుని బటన్ నొక్కేది అదే మనుషులు, అదే వేళ్ళు. క్రూడ్ మన మీద ఎక్కువ దయ చూపిస్తుందని అనుకోవడానికి నాకు కారణమేమీ కనబడదు.

క్రమశిక్షణ అంటే మనసు గట్టి చేసుకోవడం అని చాలామంది అనుకుంటారు. డబ్బు పోతున్న నిమిషంలో ఎవరి మనసూ గట్టిగా ఉండదు. నాదీ ఉండదు. అందుకే ఆ నిమిషంలో నేను నిర్ణయించాల్సింది ఏమీ మిగలకుండా, నిర్ణయాలన్నీ పొజిషన్ (ఇంకా ముగించని కొనుగోలు లేదా అమ్మకం) లేనప్పుడే చేసి పెట్టుకుంటాను. కింద రాసినదంతా ఆ ఒక్క పని కోసమే.

డబ్బుకు అడ్డుకట్ట

ట్రేడింగ్ ఖాతాకు విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకోండి. జీతం పడే ఖాతా, కరెంటు బిల్లు కట్టే ఖాతా ఇందులో కలవకూడదు. ఆ కొత్త ఖాతాను ఏ యూపీఐ యాప్‌కూ కలపకండి. మా ఇంట్లో ఆ ఖాతాకు ఓటీపీ మా ఆవిడ ఫోన్‌కి వస్తుంది. అంటే రాత్రి ఎనిమిదింటికి నేను ఇంకో పది వేలు వేద్దామనుకుంటే, వంటింట్లోకి వెళ్ళి ఆమెను అడగాలి. అడగాల్సి ఉంది కాబట్టే అడిగే ఆలోచన రాదు. మూడు నెలలకు ఒకసారి ఇద్దరం కూర్చుని, వేయాలా తీయాలా అన్నది మాట్లాడుకుంటాం. మధ్యలో లేదు.

అప్పు చేసి, బంగారం కుదువబెట్టి, చిట్టీ పాడి ఈ పనికి దిగొద్దు. నెలనెలా వడ్డీ కట్టాల్సినవాడు మంచి ఎంట్రీ (దిగే ధర) కోసం ఆగలేడు. తేదీ దగ్గరపడేకొద్దీ ఏదో ఒకటి కొంటాడు. ఈ ఒక్క విషయంలో నాకు మినహాయింపులు లేవు, ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

లెక్క పూర్తిగా చేయండి

ఇది చాలామంది చేయరు. చేస్తే సగం పిచ్చి అక్కడే దిగుతుంది.

క్రూడ్ మినీ లాట్ 10 బ్యారెళ్ళు. ధర ఒక రూపాయి, అంటే ఒక పాయింటు, కదిలితే మనకు 10 రూపాయలు. బ్యారెల్ 6,000 ఉందనుకుందాం, కాంట్రాక్టు విలువ 60,000. మార్జిన్ (బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన డిపాజిట్) ఎంత అన్నది మార్కెట్ ఊగిసలాటను బట్టి మారుతూ ఉంటుంది, కాబట్టి ఆ రోజు మీ బ్రోకర్ దగ్గర చూసుకోవాలి. ఖాతాలో మార్జిన్‌కు కనీసం రెండింతలు ఉండాలన్నది నా పద్ధతి. పెట్టుబడి 60,000 అనుకుని లెక్క వేద్దాం.

ఇప్పుడు ఖర్చులు. ఆర్డర్‌కు 20 రూపాయల బ్రోకరేజీ అయితే కొనడానికి, అమ్మడానికి కలిపి 40. దాని మీద 18 శాతం జీఎస్టీ. అమ్మిన విలువ మీద 0.01 శాతం సీటీటీ (సరుకుల లావాదేవీ పన్ను), అంటే 6 రూపాయలు. ఎక్స్ఛేంజి ఛార్జీ, స్టాంపు డ్యూటీ ఇంకొన్ని రూపాయలు. అంతా కలిపి ఒక్క ట్రేడుకు దాదాపు 55 రూపాయలు పోతాయి. పాయింట్లలో చెప్పాలంటే ఐదున్నర. పది పాయింట్లు వస్తే చాలని దూరి బయటికొచ్చేవాళ్ళు సగానికి పైగా ఖర్చులకే కట్టి వస్తున్నారన్నమాట. రోజుకు పది ట్రేడులు చేస్తే 550. నెలకు ఇరవై రోజులు వేసుకున్నా 11,000. ఒక్క ట్రేడులో కూడా నష్టం రాకపోయినా, అరవై వేల పెట్టుబడిలో ఆ పదకొండు వేలు ఖర్చుల కిందే పోతాయి. రోజుకు రెండే ట్రేడులు చేస్తే ఇదే ఖర్చు 2,200.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. నా స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు చేరితే బయటపడే హద్దు) 25 పాయింట్లు, లక్ష్యం 50. ఓడితే 250కి ఖర్చు కలిపి 305 పోతాయి. గెలిస్తే 500లో ఖర్చు పోను 445 వస్తాయి. పది ట్రేడుల్లో నాలుగు గెలిస్తే వచ్చేది 1,780, పోయేది 1,830. యాభై రూపాయల నష్టం. ఐదు గెలిస్తే 700 లాభం. అంటే సగం ట్రేడులు ఓడిపోయినా పద్ధతి నిలబడుతుంది.

అదే సగం సగం గెలుపోటములతో, భయపడి ప్రతి లాభాన్నీ 20 పాయింట్ల దగ్గరే తీసేసుకున్నారనుకోండి. గెలుపుకు 145 చొప్పున ఐదింటికి 725. ఓటములకు 1,525. ఎనిమిది వందలు నష్టం. మార్కెట్ అదే, ఎంట్రీలు అవే. తేడా అంతా లక్ష్యం దాకా కూర్చోలేకపోవడంలోనే ఉంది. క్రమశిక్షణ అనగానే అందరూ స్టాప్‌లాస్ గురించే మాట్లాడతారు. లాభంలో ఉన్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం అంతకన్నా కష్టమైన పని, దాన్నీ విడిగా సాధన చేయాలి. దానికి నేను చేసేది ఒక్కటే. లక్ష్యం దగ్గర అమ్మకం ఆర్డర్ కూడా ముందే పెట్టేసి, చార్టును ఐదు నిమిషాల క్యాండిల్ (అంతసేపటి ధర కదలికను చూపే కడ్డీ) నుంచి పదిహేను నిమిషాలకు మారుస్తాను. క్యాండిల్ చిన్నదైతే ప్రతి కదలికా గుండెకు తగులుతుంది.

ఈ లెక్కల నుంచే నా హద్దులు వచ్చాయి. రోజుకు రెండు ఓటములు, అంటే దాదాపు 610 రూపాయలు. వారానికి 2,000. నెలకు 5,000. మీ పెట్టుబడిని బట్టి మీ అంకెలు వేరుగా ఉంటాయి. రోజు హద్దు మాత్రం పెట్టుబడిలో ఒక శాతం దగ్గరే ఉంచండి.

చీటీ

చీటీ కన్నా ముందు వేళల సంగతి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు అమెరికాలో గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ నెలల్లో (వాటినే నేను ఎండాకాలం అంటాను) మనకు ఎంసీఎక్స్ రాత్రి 11:30 దాకా, మిగతా నెలల్లో 11:55 దాకా నడుస్తుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. క్రూడ్‌లో ఊపు అప్పుడు మొదలవుతుంది. నేను ఎండాకాలంలో 6:30కి కూర్చుంటాను, తొమ్మిదిన్నరకు లేస్తాను. చలికాలంలో రెండూ గంట ఆలస్యంగా. ఆ తర్వాత క్రూడ్ వంద పాయింట్లు పెరిగినా అది నాకు సంబంధం లేని సంగతి. పొద్దున్నే యార్డుకు వెళ్ళాల్సిన మనిషిని, రాత్రి పదకొండుకు కళ్ళు మండుతూ పెట్టే ఆర్డర్ మంచి ఆర్డర్ కాదు.

మొదటి అరగంట ఏమీ కొనను, అమ్మను. ఆ అరగంటలో పైధర, కిందిధర చూసి ఏడింటికి చీటీ రాస్తాను. నా పద్ధతి చాలా మామూలుది, ఆ పైధర దాటితే కొనడం, కిందిధర దిగితే అమ్మడం (ఫ్యూచర్స్‌లో ముందు అమ్మి తర్వాత కొనొచ్చు). మీ పద్ధతి ఇంకేదైనా కావచ్చు, దాని గురించి నేను వాదించను. చీటీ మాత్రం ఉండాలి. ఒక బుధవారం చీటీ ఇలా ఉంటుంది:

క్రూడ్ మినీ, బుధవారం. నిన్న పైధర 6,071, కిందిధర 5,931. అరగంట పైధర 6,004, కిందిధర 5,978. 6,006 దగ్గర కొనుగోలు. తప్పు: 5,981. లక్ష్యం: 6,056. ఒక లాట్. 7:45కి ఎక్కడున్నా బయటికి.

అంతే. చేత్తో రాయాలి, ఫోన్‌లో నోట్ పెడితే కుదరదు. ఫోన్‌లో అంకె దిద్దితే ఆనవాలు మిగలదు, కాగితం మీద కొట్టివేత కనిపిస్తుంది. యార్డులో వేలం పాట ముగిసి చీటీ మీద ధర పడ్డాక, కొన్నవాడు మధ్యాహ్నం వచ్చి "కాయ కొంచెం తాలుగా ఉంది, రెండొందలు తగ్గించు" అంటే ఎవరూ వినరు. చూసుకోవాల్సింది పాటకు ముందే. నా చీటీని కూడా అలాగే చూస్తాను. ఏడింటికి రాసింది ఏడుంబావుకు మారదు.

"తప్పు" అన్న మాట కావాలనే రాస్తాను. 5,981 దగ్గర నా అంచనా తప్పని తేలిపోతుంది, ఇక అక్కడ నాకు పని లేదు.

స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టడం

ఎంట్రీ పడిన నిమిషంలోపు స్టాప్‌లాస్ ఆర్డర్ ఎక్స్ఛేంజిలో ఉండాలి. "మనసులో స్టాప్‌లాస్ ఉంది, ధర అక్కడికొస్తే నేనే అమ్మేస్తా" అనేది పనిచేయదు. పైగా మన ఊళ్ళో మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. వైఫై పోతుంది, అదే టైముకు ఫోన్ డేటా గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆర్డర్ ఎక్స్ఛేంజిలో ఉంటే ఆ చీకట్లోనూ దాని పని అది చేస్తుంది. బ్రోకర్ ట్రేడింగ్ డెస్క్ ఫోన్ నంబరు, మీ క్లయింట్ ఐడీ ఒక కాగితం మీద రాసి గోడకు అతికించుకోండి. అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే టైము ఉండదు.

స్టాప్‌లాస్‌లో రెండు అంకెలుంటాయి: ఆర్డర్‌ను కదిలించే ట్రిగ్గర్, ఇంతకన్నా తక్కువకు అమ్మొద్దని చెప్పే లిమిట్. కొత్తవాళ్ళు ఇక్కడ తడబడతారు. పైన చెప్పిన కొనుగోలుకు ట్రిగ్గర్ 5,981 పెడితే, లిమిట్ ధర కూడా 5,981 పెట్టేస్తారు. ధర ఒక్క ఉదుటున 5,981 నుంచి 5,976కు జారితే ట్రిగ్గర్ తగులుతుంది కానీ 5,981కి కొనేవాడు ఉండడు. ఆర్డర్ అలాగే వేలాడుతూ ఉంటుంది, నష్టం పెరుగుతూ ఉంటుంది. నేను లిమిట్‌ను పది పాయింట్లు కిందకు, 5,971 దగ్గర పెడతాను. ఆ పది పాయింట్లు కచ్చితంగా పోతాయని కాదు, మామూలుగా ఒకటి రెండు తేడాతో అమ్ముడైపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లక్ష్యం ఆర్డర్ తగిలి బయటికొచ్చాక, లేదా మీరే చేత్తో స్క్వేర్ ఆఫ్ చేశాక (పొజిషన్ మూసేశాక), స్టాప్‌లాస్ ఆర్డర్ ఇంకా బతికే ఉంటుంది. దాన్ని రద్దు చేయకుండా భోజనానికి లేస్తే, ధర వెనక్కి వచ్చినప్పుడు అది తగిలి మీకు తెలియకుండా కొత్త అమ్మకం పొజిషన్ తెరుచుకుంటుంది. ప్రతి ట్రేడు తర్వాత ఆర్డర్ బుక్ తెరిచి పెండింగ్‌లో సున్నా ఉందని కళ్ళతో చూసి, చీటీ మీద టిక్కు పెట్టాలి. ఒకదాంతో పాటు రెండోది తనంతట రద్దయ్యే ఏర్పాటు కొందరు బ్రోకర్ల దగ్గర ఉంది. ఉన్నా సరే, చూసుకోండి.

స్టాప్‌లాస్‌ను లాభం వైపు జరపొచ్చు. నష్టం వైపు ఎప్పుడూ జరపకూడదు. 25 పాయింట్లను 60 చేస్తే ఒక్క ఓటమికి 655 రూపాయలు. ఆ ఒక్కదాంతోనే రోజు హద్దు దాటిపోతారు.

బుధవారాలు, రాత్రులు

అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ ఈఐఏ, అక్కడి చమురు నిల్వల లెక్కను ప్రతి బుధవారం విడుదల చేస్తుంది. మనకు ఎండాకాలంలో రాత్రి ఎనిమిది, చలికాలంలో తొమ్మిది. అక్కడ సోమవారం సెలవైతే గురువారానికి జరుగుతుంది. ఆ ఒక్క నిమిషంలో క్రూడ్ ఎటు దూకుతుందో, ఎన్ని పాయింట్లు దూకుతుందో చెప్పలేం. పైకి ఎగిరి కిందకు పడి, రెండు వైపులా స్టాప్‌లాస్‌లు తినేసి మళ్ళీ మొదటికి రావడం మామూలే. మనం పెట్టిన పది పాయింట్ల లిమిట్‌ను కూడా దాటేయొచ్చు. అందుకే పావుగంట ముందే ఖాళీగా ఉంటాను. లెక్క వచ్చాక ఇరవై నిమిషాలు చూడటమే. ఆ ఇరవై నిమిషాల్లో మా ఆవిడ భోజనం వడ్డిస్తుంది. బుధవారం భోజనం ఆ లెక్క వచ్చే వేళకే అని మా ఇంట్లో స్థిరపడిపోయింది.

రాత్రికి పొజిషన్ ఉంచుకోకూడదని ఎందుకంత గట్టిగా చెబుతానంటే, 2020 ఏప్రిల్ 20 ఉంది కాబట్టి. లాక్‌డౌన్ వల్ల అప్పట్లో ఎంసీఎక్స్ సాయంత్రం ఐదింటికే మూసేసేది. ఆ రోజు మూసే సమయానికి ఏప్రిల్ క్రూడ్ కాంట్రాక్టు ధర వెయ్యి రూపాయల లోపు ఉంది. ఇంతకన్నా ఏం పడుతుందిలే అని కొన్నవాళ్ళు ఉన్నారు. మన మార్కెట్ మూతపడ్డాక, అదే రాత్రి న్యూయార్క్‌లో మే కాంట్రాక్టు సున్నా దాటి కిందకు పోయి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. మన కాంట్రాక్టు అక్కడి ధరను బట్టే సెటిల్ అవుతుంది, అంటే ఆఖరి లెక్క తేలుతుంది. చివరికి బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ చేశారు. పెద్ద లాట్‌కు 100 బ్యారెళ్ళు. మూడున్నర లక్షలకు పైగా ఒక్క లాట్ మీద, ఒక్క రాత్రిలో పోయింది. ఆ రాత్రి ఎవరికీ అమ్మే అవకాశమే లేదు, మార్కెట్టే తెరిచి లేదు. ఎంత గట్టి స్టాప్‌లాస్ అయినా మూతపడిన మార్కెట్లో పనిచేయదు.

అది మళ్ళీ మళ్ళీ జరిగే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ చిన్న గ్యాప్‌లు వారం వారం వస్తాయి. ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) సమావేశం ఆదివారం జరిగితే సోమవారం పొద్దున ధర ఎక్కడో తెరుచుకుంటుంది. కాబట్టి రాత్రికి సున్నా. గడువు ముగిసే ముందు వారంలో పాత కాంట్రాక్టు జోలికి పోకుండా తర్వాతి నెలదే తీసుకుంటాను.

ఇంట్రాడే (ఆ రోజే ముగించాల్సిన) పొజిషన్‌ను బ్రోకరే మూసేస్తాడులే అని వదిలేయకండి. చివరి నిమిషాల్లో ఏ ధర దొరికితే ఆ ధరకు మూస్తారు, కొందరు దానికి విడిగా ఛార్జీ కూడా వేస్తారు.

నష్టం తగిలాక

అసలు పరీక్ష ఇక్కడే. స్టాప్‌లాస్ తగిలి, సరిగ్గా ఆ ధర దగ్గరే వెనక్కి తిరిగి, మనం అనుకున్న వైపే నలభై పాయింట్లు వెళ్ళడం తరచూ జరుగుతుంది. చెవులు వేడెక్కుతాయి. నోరు తడారిపోతుంది. "చూశావా, నేను అనుకున్నదే జరిగింది" అని లోపల ఒక గొంతు. వేలు అప్పటికే కొనుగోలు బటన్ మీద ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి నీతులు చెప్పి లాభం లేదు. కుర్చీలోంచి లేపాలి.

నేను చేసేది ఇది. చీటీ మీద ఒక నిలువు గీత గీసి, ల్యాప్‌టాప్ మూసి, ఫోన్ దాని మీదే పెట్టి, డాబా మీదకు వెళ్తాను. ఇరవై నిమిషాలు. మొక్కలకు నీళ్ళు పోస్తాను. కిందకొచ్చాక ముందు చిట్టా రాస్తాను, అది పూర్తయ్యాకే రెండో చీటీ. ఇరవై నిమిషాలయ్యేసరికి ధర ఎక్కడికో వెళ్ళిపోయి రెండో చీటీ రాయడానికి ఏమీ ఉండదు చాలాసార్లు. మంచిదే.

రెండో గీత పడితే ఆ రోజుకు అయిపోయింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆవిడకు క్రూడ్ అంటే ఆసక్తి లేదు కానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. ఒకోసారి నేను రెండో గీత తర్వాత కూడా ఊరికే చార్ట్ చూస్తూ కూర్చుంటే, గుమ్మం దగ్గర నుంచే "ఏవండీ, రెండయ్యాయిగా, కట్టేయండి" అంటుంది. "ఊరికే చూస్తున్నా" అంటాను. "చూడ్డానికి టీవీ ఉంది" అంటుంది. కట్టేస్తాను. ఇంట్లో ఒక మనిషికి ఈ హద్దు తెలిసి ఉండటం ఏ యాప్ కన్నా బాగా పనిచేస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకు కొందరు బ్రోకర్ల యాప్‌లో కిల్ స్విచ్ అని ఉంటుంది. నొక్కితే కొన్ని గంటలపాటు ఆ సెగ్మెంట్‌లో (మార్కెట్ విభాగంలో) ఆర్డర్ పెట్టనివ్వదు. రెండో నష్టం తగిలిన మరుక్షణం అది నొక్కండి.

భార్యకు తెలియకుండా, అమ్మానాన్నలకు తెలియకుండా ట్రేడ్ చేసే కుర్రాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. దాచిన నష్టాన్ని తెల్లారేలోగా పూడ్చాలనే ఆత్రంలోంచే పెద్ద నష్టాలు పుడతాయి. తమ్ముళ్ళూ, ముందు ఇంట్లో చెప్పండి. ఆ తర్వాతే చార్ట్ తెరవండి.

చిట్టా

గుమస్తా పనిలో నేర్చుకున్నది ఇది, ఏ రోజు చిట్టా ఆ రోజే. రూళ్ళ పుస్తకం ఒకటి చాలు. తేదీ, చీటీలో రాసిన ధరలు, నిజంగా పడిన ధరలు, ఖర్చులు పోను మిగిలింది. ఇవి అందరూ రాస్తారు. నా పుస్తకంలో ఇంకో గడి ఉంది, "చీటీ ప్రకారమేనా?" అని. అవును, కాదు, ఈ రెండే. డబ్బు గడికీ ఈ గడికీ సంబంధం ఉండదు.

వారానికొకసారి, ఆదివారం పొద్దున, డబ్బు గడిని అరచేత్తో మూసి ఆ ఒక్క గడినే చదువుతాను. నాలుగు రకాల రోజులు కనిపిస్తాయి. చీటీ ప్రకారం చేసి గెలిచినవి, చీటీ ప్రకారం చేసి ఓడినవి, ఈ రెంటి గురించీ ఆలోచించాల్సింది లేదు. చీటీ తప్పి ఓడినవి పాఠం చెప్పి పోతాయి. చీటీ తప్పి గెలిచిన రోజులే ప్రమాదం. మా పక్క కొట్టులో ఒక కుర్రాడు అలాగే ఒకసారి స్టాప్‌లాస్‌ను రెండుసార్లు కిందకు జరిపి, ధర తిరిగొచ్చాక లాభంతో బయటపడ్డాడు. యార్డంతా చెప్పుకున్నాడు. ఆ లాభం అతనికి స్టాప్‌లాస్ జరిపితే ధర తిరిగొస్తుందని నేర్పింది. ఆ తర్వాత ఒక రాత్రి తిరిగి రాలేదు, రెండు నెలల జీతం అక్కడే పోయింది. అందుకే చీటీ తప్పి వచ్చిన లాభాన్ని ఎర్ర సిరాతో రాయమంటాను. ఆ డబ్బును ట్రేడింగ్ ఖాతాలో కూడా ఉంచకండి, తీసి ఇంట్లో ఇచ్చేయండి.

కాంట్రాక్ట్ నోట్లు (బ్రోకర్ పంపే ట్రేడుల బిల్లులు) మెయిల్‌కు వస్తాయి, వాటిని చిట్టాతో సరిచూసి నెలవారీగా దాచండి. ఫ్యూచర్స్ లాభనష్టాలు వ్యాపార ఆదాయం కిందికి వస్తాయి, స్పెక్యులేటివ్ (సట్టా) ఆదాయం కిందికి రావు. ఆదాయపు పన్ను రిటర్న్ ఐటీఆర్-3 ఫారంలో వేయాలి. గడువులోగా రిటర్న్ వేస్తే నష్టాన్ని 8 ఏళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళొచ్చు. నష్టమే కదా, రిటర్న్ ఎందుకని వదిలేసేవాళ్ళు ఆ సౌకర్యాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఎప్పుడు కూర్చోకూడదు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తుతుంది. ఏటుకూరు రోడ్డంతా లారీలు. ఆ రోజుల్లో ఇంటికొచ్చేసరికి ముక్కులో ఘాటు, నడుములో నొప్పి. కూర్చునే ముందు నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. నిద్ర సరిగా పట్టిందా, ఎవరితోనైనా గొడవ పడ్డానా, ఈ వారం డబ్బు అవసరం ఏదైనా తలలో తిరుగుతోందా. ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ సాయంత్రం సెలవు.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. అప్పుడు దీనికి వ్యతిరేకమైన చిక్కు. రోజంతా ఖాళీ, మార్కెట్ ఉదయం తొమ్మిది నుంచే తెరిచి ఉంటుంది. టైము ఉంది కదా అని పొద్దుటి నుంచి కూర్చుంటే ట్రేడుల సంఖ్య పెరుగుతుంది తప్ప మంచి ట్రేడులు పెరగవు. సెలవుల్లోనూ నా వేళలు అవే.

టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే కాల్స్ (కొను, అమ్ము అనే సలహాలు) గురించి ఒక్క మాట. వేరేవాడి ఎంట్రీ తీసుకుంటే, ఎప్పుడు తప్పుకోవాలో కూడా వాడే చెప్పాలి. వాడు ఆ నిమిషంలో చెప్పడు. గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి.

రెండో లాట్, ఆఖరి హద్దు

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ఒక నెల కాగితం మీదే చేయండి. డబ్బు లేకుండా, చీటీ, చిట్టా, గీతలు అన్నీ నిజమైనట్టే రాస్తూ. కాగితం మీదే చీటీని పాటించలేనివాళ్ళు డబ్బుతో అసలు పాటించలేరు. ఆ తర్వాత ఒక లాట్. రెండో లాట్‌కు వెళ్ళాలంటే వరసగా మూడు నెలలు "చీటీ ప్రకారమేనా?" గడిలో అన్నీ అవును ఉండాలి, ఆ మూడు నెలలు ఖర్చులు పోను లాభంలో ఉండాలి. రెండూ కావాలి. రెండో లాట్‌కు మారాక నెల హద్దు తగిలితే మళ్ళీ ఒకటికి రావాలి.

చివరగా, మొదటి రోజే ఒక అంకె రాసి ఇంట్లో ఇవ్వండి. అరవై వేల పెట్టుబడికి నేను చెప్పే అంకె 18,000. మొత్తం నష్టం అక్కడికి చేరితే ఆ రోజే బ్రోకర్‌కు చెప్పి కమోడిటీ సెగ్మెంట్ మూయించి, మిగిలిన 42,000 బ్యాంకు ఖాతాకు తెప్పించుకోవాలి. ఆరు నెలలదాకా మళ్ళీ తెరవకూడదు. ఆ కాగితం మీద మీ సంతకం, ఇంట్లో ఇంకొకరి సంతకం ఉండాలి. మాది బీరువాలో, ఇంటి కాగితాల ఫైలులో ఉంది.